మేనమామ పళని, అయిదు స్టార్లు

మా సరణ్య ఒక తావున కుదురుగా కూసోంగా చూసినోళ్ళు రాయపురంలో ఎవురన్నా ఉంటే రమ్మనండి, నా ఆటో రాసిచ్చేస్తా. అన్నం తినేటప్పుడు గిన్నె చేత్తో పట్టుకోని నడస్తా తింటాది. ఫోను వస్తే మేడ ఎక్కి ఈ కొస నుంచి ఆ కొసకి తిరగతా మాట్లాడతాది. కాలుగాలిన పిల్లి అని దాన్ని మా అక్క మునెమ్మ తిడతా ఉంటాది. ఆ మాట అనేదానికి మా అక్కకేం అర్హత ఉండాదో నాకు తెలీదు. పొద్దన్నే కాసిమేడు హార్బరులో చేపల ఏలం కాడ అరిచి, మధ్యాన్నం దాకా గంప నెత్తిన పెట్టుకోని వీధులు తిరిగి, సాయంత్రం ఎవురింట్లో చెవులు కుట్టే ఫంక్షన్ ఉంటే ఆడ మొదటి వరసలో కూసునే మనిషి అది. తల్లికి తగ్గ కూతురే.

నేను పళనిని. మునెమ్మ తమ్ముణ్ణి, సరణ్యకు మేనమామని. రాయపురానికీ ఎన్నూరుకీ మధ్య షేర్ ఆటో తోలతా. కోపం జాస్తి అంటారు నన్ను. ఆ రోడ్డు మీద కంటైనర్ లారీల నడమ ఒక పొద్దు ఆటో తోలి చూడండి, మీకెంత శాంతం మిగలతాదో నేనూ చూస్తా. మావాళ్ళు తాతల కాలంలోనే నెల్లూరు పక్కనుంచి వచ్చి ఈడ, అరవ దేశంలో, దిగినారంట. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, తిట్టేదానికి రెండూ.

సరణ్యకు జెబకుమార్ ఫ్లెక్స్ అంగట్లో పని. మా పేటలో పెండ్లికైనా చావుకైనా ఫ్లెక్స్ కట్టకపోతే ఆ పని జరిగినట్టే లెక్కలేదు. అవన్నీ తయారుచేసేది ఇదే. నల్లగా ఉన్నోణ్ణి తెల్లగా చేస్తాది, పండ్లు లేనోళ్ళకి పండ్లు పెడతాది, బతికున్నప్పుడు చొక్కా ఏసుకోనోడికి చచ్చినాక కోటు తొడగతాది. కింద మూలన మాత్రం జెబకుమార్ అంగడి పేరు ఉంటాది. దీని పేరు యాడా ఉండదు. నేను ఒకతూరి ఆ మాట అడిగితే, "నా పేరు పెట్టుకునే బొమ్మలు వేరే ఉండాయి మామా" అనింది.

ఆ వేరే బొమ్మల పుస్తకం పేరు 'గంప దించను'. ఒక ముసలమ్మ చేపల గంపతో సిటీ బస్సు ఎక్కతాది. కంపు కొడతా ఉండాది, దిగమంటాడు కండక్టరు. ఆమె దిగదు. అదీ కథ. ఆ బస్సు ఊరంతా తిరగతాది, అవ్వ నోరు కూడా ఊరంతా తిరగతాది. చదివి చదివి నాకు కడుపు నొప్పొచ్చింది నవ్వలేక. ఆ అవ్వ ఎవురో ఎవురూ చెప్పాల్సిన పనిలేదు. ఆ ముక్కుపుడక, ఆ చీర ఎగ్గట్టిన తీరు, అంతా మా అక్కే.

ఒక మాట మాత్రం ఆ పుస్తకంలో వేరేగా ఉండాది. మా అక్కను నిజంగానే ఒకతూరి బస్సు దించేసినారు. సరణ్య అప్పుడు చిన్నబిడ్డ, అమ్మ కొంగు పట్టుకోనుండాది. ఇంత నోరున్న మనిషి ఆ పొద్దు ఒక్క మాట అనలే. బస్సులో అందరూ ముక్కు మూసుకోని చూస్తా ఉంటే, గంప ఎత్తుకోని గమ్మున దిగేసి, బిడ్డను నడిపించుకోని ఇంటికొచ్చింది. పుస్తకంలో అవ్వ దిగదు. ఆ దిగకుండా ఉండేది గీసేదానికే మా సరణ్య మూడేండ్లు కొట్టుకునింది.

గీసినాక పెద్ద కత మొదలైంది. అచ్చేసేవాళ్ళను అడిగితే, తెలుగోళ్ళు హైదరాబాదు తట్టు కథ ఉంటే చెప్పమన్నారు, అరవోళ్ళు తెలుగు పుస్తకం మాకెందుకన్నారు. ఇంగ మిగిలింది ఫోన్లో అమ్మే అంగళ్ళు. ఆ పనికి తోడొచ్చింది నందిత. సరణ్యతో కాలేజీలో చదివిన పిల్ల, మైలాపూరు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉండాది. వాళ్ళూ తాతల కాలం తెలుగోళ్ళే. కాకపోతే వాళ్ళది డబరా గ్లాసులో కాఫీ తెలుగు, మాది చేపలకూర తెలుగు. మంచి బిడ్డ, ఓపిక జాస్తి.

నేననుకున్నా, ఫోన్లో ఎక్కించేది అంటే ఫోటో పంపినట్టు ఒక నొక్కుడేమో అని. అబ్బా, ఆధార్ కార్డులో పేరు మార్చుకోవచ్చు గానీ ఇది కాదు. ముందు ఈ-బుక్కు అంగడి. పుస్తకం బరువు జాస్తి, తగ్గించమనిరి. తగ్గిస్తే బొమ్మలు మంచులో ఉన్నట్టు మసకబారె. మళ్ళా గీసె. తరవాత ఏం భాష అని అడిగిరి. మా పేటలో అందరం తెలుగు మాట్లాడతాం, తెలుగు అక్షరాలు మాత్రం చానామందిమి చదవలేం, బడిలో నేర్చింది అరవం. అందుకని సరణ్య మా తెలుగు మాటల్నే అరవ అక్షరాల్లో రాసి ఒక పుస్తకం, తెలుగు అక్షరాల్లో ఒక పుస్తకం చేసింది. అంగడోళ్ళు, భాష తెలుగని చెప్పినావు, లోపల అరవం ఉండాది, ఇది చెల్లదని తిరగ్గొట్టినారు. ఎంత చెప్పినా ఆడ వినే మనిషి లేడు, అంతా మిషనే. ఎద్దు ఈనిందంటే గాట్లో కట్టేయమన్నట్టు ఒకే జవాబు మళ్ళా మళ్ళా వచ్చె. ఇది విసిగిపోయి ఆ అంగడికి దండం పెట్టేసింది.

మిగిలింది యాప్ అంగడి. దాంట్లో ఒక యాప్ చేసి, ఆ యాప్‌లో రెండు రాతల పుస్తకాలూ పెట్టొచ్చని నందిత దావ చూపింది. ఆడ వేరే గోల. కత్తి ఉండాదా, రక్తం ఉండాదా అని అడిగినారంట. మా సరణ్య యోగ్యురాలు గదా, ఉండాది అని రాసింది. దాంతో పెద్దోళ్ళు మాత్రమే చూడాలని ముద్ర కొట్టేసినారు. చేపను కోస్తే రక్తం రాక సాంబారొస్తాదా? ఆ ముద్ర తీయించేదానికి అవ్వ చేప కోసే పేజీలన్నీ తిరగ గీయాల్సి వచ్చె. ఆనక పదిమందికి తక్కువ కాకుండా ముందే యాప్ పెట్టుకోని రెండు వారాలు తియ్యకుండా వాడి చూపించాలనిరి. నేను మా ఆటో స్టాండ్ వాళ్ళందరి ఫోన్లలోనూ ఏయించినా. ఒకడి కొడుకు ఏదో గేమ్‌కి తావు చాలలేదని తీసిపారేసె. మళ్ళా మొదటి నుంచి. వాణ్ణి నేను తిట్టిన తిట్లు ఈడ రాయకూడదు.

ఈ నడమ నందితకీ సరణ్యకీ మా అక్క వాకిట్లోనే ఒక జగడం. ఫోన్లో చూస్తే బుడగల్లో అక్షరాలు చీమల మాదిరి ఉండాయి, పెద్దవి చెయ్యి అని నందిత. చెయ్యనని ఇది. "అక్షరం పెరిగితే బుడగ పెరగతాది. బుడగ పెరిగితే అవ్వ మొగం మూసుకుపోతాది. ఆ మొగం కోసమే గదా నేను గీసింది" అని అరిచింది. వేలితో పెద్దది చేసుకోని చదువుకుంటారులే అని ఇది, ఎవురూ అంత ఓపిక పట్టరని ఆ పిల్ల. చివరికి దీని మొండితనమే గెలిచె. మా ఇంటోళ్ళతో వాదించి ఎవురు గెలిచినారు గనక.

చివరికి ఒక పొద్దు పుస్తకం అంగట్లోకి ఎక్కింది. కింద దీని పేరు. సరణ్య, రాయపురం. నేను ఆటో ఎక్కినోళ్ళందరికీ ఫోన్ తీసి చూపించినా. తిరువొట్రియూరు దిగాల్సిన ఆమె నా మాటల్లో పడి ఎన్నూరు దాకా వచ్చేసింది, పావం.

చూపిస్తే చూసినారు గానీ, వాళ్ళంతట వాళ్ళు వెతుక్కోని వచ్చినోళ్ళు ఒక్కరూ లేరు. ఆ అంగట్లో లక్షల యాప్‌లంట, ఈ పుస్తకం యాడో అడుగున ఉండాది. సరణ్య బొటనవేలుతో ఫోను తెరను కిందికి లాగేది, చూసేది, మళ్ళా లాగేది. కూరలో ఉప్పేసి లాగేది. జెబకుమార్ అంగట్లో చచ్చినోళ్ళ ఫ్లెక్స్ చేస్తా లాగేది. స్టార్లు లేవు, మాటలు లేవు, ఏమీ లేదు. దాన్ని చూసి చూసి నాకే వేలు పీకేది. కందకు లేని దురద కత్తికెందుకు అంటారు గానీ, కంద కూడా గోక్కుంటా ఉంటే కత్తి మాత్రం గమ్మునుంటాదా?

మా అక్క ఆ బొమ్మల్ని అంతకుముందు పిల్లలాట అనేది. పుస్తకంలో ఉండేది తనేనని కూడా దానికి తెలీదు. అయినా తల్లి కండ్లు గదా. ఒకనాడు నందిత ఇంటికొస్తే పట్టుకునింది.

"ఏమ్మా నందితా, ఇదెందుకు కూడు తినకుండా ఆ ఫోన్ను గీకతా ఉండాది?"

"జనం చదివి స్టార్లు ఇవ్వాలి ఆంటీ. స్టార్లు ఉంటేనే అంగడివాళ్ళు పుస్తకాన్ని పైకి తెచ్చి కొత్తవాళ్ళకి చూపిస్తారు. లేకపోతే అట్లే అడుగున ఉండిపోతుంది."

"స్టార్లు పెట్టినోళ్ళ పేరు అందరికీ కనిపిస్తాదా?"

"కనిపిస్తుంది ఆంటీ."

"అయితే మొయి మాదిరే గదా" అనింది మా అక్క.

మొయి అంటే ఆంధ్రా పక్క చదివింపులంటారంట. ఫంక్షన్‌కి వచ్చినోళ్ళు తలా ఇంత పెట్టి పోతారు. పెట్టినోళ్ళ పేర్లు మైకులో చెప్తారు, అందరికన్నా ముందు బిడ్డ మేనమామ పేరు. రేపు వాళ్ళింట్లో పని వస్తే మనం పోయి పెట్టాల. పోకపోతే మనిషి కిందే లెక్కలేదు. మా అక్క రాయపురంలో పెట్టని ఇల్లు లేదు. కానీ అది పెట్టిందే తప్ప ఎప్పుడూ తీసుకోలే. సరణ్యకు చెవులు కుట్టాల్సిన ఏడే దాని నాయన పోయినాడు, ఫంక్షన్ జరగలే. పెండ్లి మాట ఎత్తితే ఇది మేడెక్కి దిగదు. మా అక్క మొయి అంతా అట్నే ఊరి మీద ఉండిపోయింది.

నందిత ఏదో ఆఫీసు పనిమీద బెంగళూరు పోయిన వారం అది. ఆదివారం పొద్దన మా వీధి కొసన సంగం హాలు ముందర ఫ్లెక్స్ లేచింది. 'మా సరణ్య పుస్తక విళా, అందరూ రావాల' అని. విళా అంటే అరవంలో పండగ. జెబకుమార్ ఊరికే ఏసిచ్చినాడు. ఆ ఫ్లెక్స్ మీదనే వాళ్ళ అంగడి వైఫై పాస్‌వర్డు కూడా అచ్చేసినాడు, వచ్చినోళ్ళకి నెట్ లేకపోతే కష్టమని. మా అక్క వంజరం చేపలకూర పెద్ద గుండిగలో ఉడికించింది. ఇంటింటికీ పోయి పిలిచింది, నేను మీ ఇంటికి రాలేదా, ఇప్పుడు మీరు రండి, చెయ్యి ఊపుకుంటా రావొద్దు, ఫోన్ తెండి అని. నేను, సరణ్యకు చెప్పినావా అంటే, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టే అమ్మను" అనింది.

సరణ్య హాల్లోకొచ్చి ఆ జనాన్ని చూసి నిలబడిపోయింది. తప్పని దానికి తెలుసు. అయినోళ్ళతో స్టార్లు పెట్టించకూడదని అంగడోళ్ళ రూల్సులో చదివినాది. నోరు తెరిచింది. అప్పుడే మా అక్క పట్టుచీరలో మైకు పట్టుకోని, "ఇది మా ఇంట్లో మొదటి ఫంక్షన్" అనింది. సరణ్య తెరిచిన నోరు మూసుకునింది. ఆ తావున నేనున్నా మూసుకుంటా.

చదవకుండా మొయి పెట్టొద్దని మా అక్క ఆర్డరు. ఒకాయన మైకులో చదవతా ఉంటే అందరూ ఫోన్లలో బొమ్మలు చూస్తా పోయినారు. హాలంతా ఒకటే నవ్వు. కండక్టరు అవ్వను దిగమనే కాడికి వచ్చేతలికి చేపలమ్మే ఆడోళ్ళు గమ్మునైపోయినారు. వాళ్ళందర్నీ ఏదో ఒకనాడు ఎవురో ఒకరు దించినారు. "గంపా దిగదు, నేనూ దిగను" అని చదవంగానే ఎనక వరస నుంచి ఒక ఈల వచ్చె. నేను మా అక్క తట్టు చూసినా. అది ఆడ లేదు. కూర మాడతా ఉందేమో చూసొస్తానని బయటికి పోయిందంట. కూర ఎప్పుడో దించేసినారు.

తరవాత మైకులో పేర్లు. "మేనమామ పళని, అయిదు స్టార్లు." నా పేరు అంత గట్టిగా నేనెప్పుడూ వినలే, నిజంగా రొమ్ము ఉబ్బిపోయింది. ఆనక వరసగా ఊరు ఊరంతా. ఏం రాయాలో తెలీక ముందోడు రాసిందే ఎనకోడూ రాసినాడు, మునెమ్మక్క కూతురు బాగా గీసినాది, బాగా గీసినాది అని. ఆ సాయంత్రం సరణ్య నా పక్కన కుర్చీలో కూసోని, కదలకుండా, చేపలకూరతో కడుపు నిండా తినింది. చూసినోళ్ళకి ఆటో ఇస్తానన్నా గదా, ఆ ఒక్క పూటను లెక్కలో తీసేయండి.

తెల్లారి మెయిల్ వచ్చింది. ఒకే తావు నుంచి, ఒకే పూటలో, ఒకే మాదిరి మాటలతో ఇన్ని స్టార్లు పడినాయి, ఇవి దొంగ స్టార్లు, నీ ఖాతా ఆపేసినాం అని. పుస్తకం అంగట్లో లేదు. ఒక్కతూరి మాత్రం మొరపెట్టుకోవచ్చు, అది వాళ్ళకి సరిపడకపోతే ఈ పేరుతో జన్మలో మళ్ళా ఆ అంగట్లో కాలు పెట్టకూడదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

నందిత బెంగళూరు నుంచి దిగింది దిగినట్టే వచ్చింది. తలకాయ పట్టుకోని కూసునింది గానీ ఒక్క మాట తిట్టలే. దావ ఒకటే ఉందనింది. "చాలామంది ఇట్లే రాస్తారు. ప్రచారం కోసం ఒక బయటి ఏజెన్సీని పెట్టుకున్నాను, వాళ్ళు నాకు తెలియకుండా ఈ తప్పు చేశారు, వాళ్ళతో సంబంధం తెంచేసుకున్నాను అని. అది రాస్తే తిరిగి ఇచ్చేస్తారు. మా ఆఫీసులో ఒకళ్ళకి ఇచ్చారు."

"మా అమ్మ బయటి ఏజెన్సీనా?" అనింది సరణ్య.

"అది ఉత్త మాటే కదా. ఆంటీకి తెలియను కూడా తెలియదు."

సరణ్య లేచి చెప్పులేసుకునింది. వచ్చి నా ఆటోలో కూసుని, "పో మామా" అనింది. యాడికి అని నేను అడగలే. ఎన్నూరు దావ పట్టినా. సవారీలు ఎక్కతా ఉండారు, దిగతా ఉండారు, ఇది మాత్రం మూలన కూసోని మోకాలు ఆడిస్తానే ఉండాది. చివర్న వాగు కాడ, కరెంటు కంపెనీ బూడిద కలిసిన నీళ్ళ ముందర ఆపితే దిగి అటూ ఇటూ నడిచింది. నాకు ఒళ్ళు మండింది. అంగడోళ్ళ మీద, మా అక్క మీద, దీని మీద, అందరి మీద.

"రాసిపారెయ్యి పాపా" అన్నా. "మూడేండ్ల పని. ఎవురికి తెలుస్తాది? మీ అమ్మకు ఇంగ్లీషొచ్చా?"

"నాకు తెలుస్తాది గదా."

"తెలిస్తే తెలిసె. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడతాది, ఇంటి సంగతి వాళ్ళకెందుకు?"

"మామా, ఆ పొద్దు బస్సు దిగినాక అమ్మ ఏడస్తా వచ్చింది. దావలో ఒక బడి బిడ్డ, ఈమె మీ అమ్మా అని నన్నడిగింది. కాదు, మా వీధిలో చేపలామె అని చెప్పినా." అది నీళ్ళ తట్టు తిరిగి చెప్తా ఉండాది. "అమ్మ వినింది. ఏమీ అనలే. ఇప్పుడు మళ్ళా ఎవురో ఏజెన్సీ అని రాసిచ్చేదా?"

ఆటో తిప్పినా.

మేమొచ్చేతలికి మా అక్క వాకిట్లోనే ఉండాది, చేతులకు పొలుసులు అట్నే అంటుకోని. హార్బరులో ఎవురో అడిగినారంట, నీ కూతురి పుస్తకం తెరుచుకోలేదే అని. నందితను అడిగితే ఆ పిల్ల నేల చూపులు చూసిందంట. మా అక్క నన్ను పట్టుకునింది. "పళనీ, నువ్వు చెప్పు." నేను చెప్పేసినా, అంతా, ఏజెన్సీ సంగతితో సహా. సరణ్య నన్ను కండ్లతోనే చంపేసింది.

మా అక్క కొళాయి కాడికి పోయి చేతులు కడుక్కునింది. చానా సేపు కడిగింది. వచ్చి నందిత ముందర కూసునింది.

"నేను చెప్తా, రాయమ్మా. పేరు చెప్పకుండా మొయి పెట్టే అలవాటు నాకు లేదు. నా పేరు మునెమ్మ. కాసిమేడులో చేపలు అమ్మతా. ఆ స్టార్లన్నీ పెట్టించింది నేనే. పెట్టినోళ్ళు దొంగోళ్ళు కాదు. వాళ్ళింట్లో పనులకు నేను పోయినా, మా ఇంటి పనికి వాళ్ళొచ్చినారు. అందరూ చదివినాకనే పెట్టినారు. మా తట్టు ఇట్నే చేస్తాం. మీ తట్టు ఇది తప్పయితే నన్ను దించండి. దాన్ని దించొద్దు."

నందిత వేళ్ళు ఆగిపోయినాయి. సరణ్య మేడమెట్ల మీద నిలబడి ఉండాది. పుస్తకంలో ఉండేది తనేనని మా అక్కకు ఎప్పటినుంచి తెలుసో, హాల్లోనే తెలిసిందో, నేను ఈ పొద్దుకీ అడగలే. సరణ్య దిగొచ్చి, "రూలు నాకు తెలుసు, తెలిసీ ఆపలేదని కూడా రాయి నందితా" అనింది. నందిత అంతా ఇంగ్లీషులో పెట్టి, కింద మునెమ్మ, సరణ్య అని రెండు పేర్లూ రాసి పంపింది.

ఆ తరవాత ఇంట్లో ఎవురికీ నిలకడ లేదు. సరణ్య తెర లాగేది. మా అక్క దాని భుజం మీదనుంచి తొంగిచూసేది. నేను సిగ్నల్ కాడ ఆగితే చాలు ఇంటికి ఫోన్ కొట్టేది. చివరికి జవాబొచ్చింది. మనిషే రాసినాడో మిషన్ రాసిందో తెలీదు, రెండే ముక్కలు. ఖాతా తిరిగిచ్చినాం. ఆ పూట పడిన స్టార్లు, మాటలు అన్నీ తీసేసినాం, వాళ్ళు మళ్ళా పెట్టేదానికి కుదరదు.

పుస్తకం అంగట్లోకొచ్చింది. కింద సరణ్య పేరు ఉండాది. పైన స్టార్ల తావు ఖాళీ. నా అయిదూ పోయినాయి. సరణ్య నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ చేసింది. మా అక్క మాత్రం గోడకు ఆనుకోని కూసోనుండాది.

"పుస్తకం వచ్చేసింది గదక్కా" అన్నా.

"వచ్చింది. నా మొయి అంతా అయిపోయిందిరా. ఊళ్ళో అందరూ ఒకతూరి తిరిగి పెట్టేసినారు. ఇంగ ఎవురినీ అడిగేదానికి నాకు మొగం లేదు."

అంత మందికి పెట్టిన మనిషికి ఒక్క స్టార్ కూడా మిగలలే. మా అక్క మళ్ళా హార్బరుకు పోయింది. సరణ్య మళ్ళా ఫ్లెక్సులు చేసింది. తెర లాగేది కూడా తగ్గించేసింది, అది చూస్తే ఇంకా భయం వేసె నాకు.

మల్లెపూలు చవకైన దినాల్లో, ఒక సాయంత్రం, మా అక్క వాకిట్లో గంప కడగతా ఉండాది. సరణ్య మేడమీద నుంచి మెట్లు దిగిన శబ్దానికి పడిందేమో అనుకున్నా. ఫోన్ మా మొగాల ముందర పెట్టింది. ఒకటి పడింది. మూడు స్టార్లు.

"మూడేనా?" అనింది మా అక్క. "ఎవురాడు? ఏం తక్కువైందంట ఆడికి?"

సరణ్య చదివింది. "అక్షరాలు చానా చిన్నవిగా ఉండాయి, మా అమ్మ చదవలేకపోయింది, నేనే చదివి వినిపించినా. గంప దించననే కాడ అమ్మ మళ్ళా చదవమనింది."

"ఎవురింటోళ్ళు వాళ్ళు?"

"తెలీదుమా. పేరు కూడా సగమే ఉండాది."

"మనం వాళ్ళింటికి ఎప్పుడు పోయినాం?"

"ఎప్పుడూ పోలేదుమా. మనవాళ్ళు కాదు. ఎవురో."

మా అక్క గంప బోర్లించి, తడి చేతులు చీరకు తుడుచుకోని, ఆ ఫోన్ చేతిలోకి తీసుకునింది.

"మనం ఏమీ పెట్టకుండానే పెట్టినారా?"

"అవునుమా."

"అయితే వాళ్ళింట్లో ఫంక్షన్ ఎప్పుడో కనుక్కో. పోవాల."

"అది కనుక్కునేదానికి కాదుమా."

మా అక్క ఫోన్ కూతురి చేతికిచ్చేసింది.

"వాళ్ళమ్మకు కనపడలేదంట గదా. ఆ అవ్వ మొగం మూసుకుపోతే పోనీలే, అక్షరాలు పెద్దవి చెయ్యి. అదన్నా పెడదాం."